కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు: ఊరి మీద వచ్చిన ఇంగ్లీషు ఇంటిపేరును విప్పడం ఎలా

వరంగల్‌లో ఉండేవాళ్లకు సర్ ఆర్థర్ కాటన్ పేరు వినగానే ఎనుమాముల మార్కెట్, పత్తి బస్తాలు కళ్లముందు కదలడం సహజమే. కానీ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆ దొర ఇంటిపేరుకూ పత్తికీ ఏ చుట్టరికమూ లేదు. పాత ఇంగ్లీషులో ‘కాట్’ అంటే గుడిసె, ‘కాటుమ్’ అంటే గుడిసెల దగ్గర. ఆ మాట అరిగి ఇంగ్లండ్‌లో కాటన్, కోటన్ అనే ఊళ్లు చాలాచోట్ల ఏర్పడ్డాయి. ఆ ఊళ్ల నుంచి బయటికి వెళ్లినవాళ్లకు అదే ఇంటిపేరైంది. బట్టకు వాడే కాటన్ అనే మాట వేరు. అది అరబ్బీ ‘కుత్న్’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. రెండూ చివరికి ఒకే స్పెల్లింగులో కలిశాయి, అంతే. మన భాషలో చెప్పాలంటే కాటన్ దొర ‘గూడెం వారి’ అబ్బాయి.

ఇంగ్లీషు ఇంటిపేర్ల అర్థం చెప్పబోయి తప్పులో కాలేసేవాళ్లంతా చేసేది ఒకటే పని: ఇంటిపేరును నేరుగా నేటి ఇంగ్లీషు నిఘంటువులో వెతకడం. పని నడవాల్సిన క్రమం వేరే ఉంది. ఇంటిపేరు నుంచి ఊరికి, ఊరి నుంచి ఆ ఊరి అతి పాత రాతరూపానికి, అక్కడి నుంచి అర్థానికి వెళ్లాలి. ఈ మూడింట్లో ఏ మెట్టు దాటేసినా చివర వచ్చేది కట్టుకథే.

మన ఊరి పేరుతోనే దీన్ని పరీక్షించవచ్చు. ‘వరంగల్’ను విడదీస్తే వరం కనిపిస్తుంది. ఆ దారిన పోతే ఏదో దేవుడు ఇచ్చిన వరం కథ తయారవుతుంది. పాత రూపం ఓరుగల్లు. ఓరు అంటే ఒకటి, కల్లు అంటే రాయి. ఏకశిలానగరం అనే సంస్కృతం పేరు దానికి అనువాదమే. హనుమకొండ కూడా అంతే. 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంలో ఉన్నది అనుమకొండ. ముందు ‘హ’ చేరి హనుమంతుడు వచ్చాక అసలు మాట మరుగున పడింది. ఇంగ్లీషు ఊళ్లలోనూ ఇలాంటివి కోకొల్లలు.

ఇంటిపేరు ఎక్కడ పుడుతుంది?

పరకాల నుంచి వచ్చి జమ్మికుంటలో స్థిరపడిన మనిషిని జమ్మికుంటవాళ్లు ‘పరకాలాయన’ అంటారు. పరకాలలో ఉన్నన్నాళ్లూ ఆయన్ని ఎవరూ అలా పిలవరు. అక్కడ అందరూ పరకాలవాళ్లే కదా. ఇంగ్లండ్‌లోనూ ఇదే జరిగింది. 1066లో నార్మన్లు వచ్చాక ముందు భూస్వాములు తమ ఊరి పేరు తగిలించుకున్నారు. తర్వాత ఊరు మారిన రైతులకు, పనివాళ్లకు ఆ పేర్లు అంటుకున్నాయి. 1400 నాటికి దక్షిణ ఇంగ్లండ్‌లో చాలామందికి తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఇంటిపేరు స్థిరపడింది, ఉత్తరాన ఇంకొంత ఆలస్యమైంది.

దీని నుంచి పనికొచ్చే సూత్రం ఒకటి వస్తుంది. ఇంటిపేరుకు మూలమైన ఊళ్లో ఆ ఇంటిపేరువాళ్లు దొరకకపోతే కంగారు పడొద్దు. చుట్టూ ఉన్న ఊళ్లలో, పక్క జిల్లాలో వెతకండి. అలాగే ఊరి ఇంటిపేరు కుటుంబం ఏ ఊరితో ముడిపడిందో చెబుతుంది గాని, ఫలానా మనిషి అక్కడే పుట్టాడని చెప్పదు. సర్ ఐజాక్ న్యూటన్ పుట్టింది న్యూటన్ అనే ఊళ్లో కాదు, లింకన్‌షైర్‌లోని వూల్స్‌థార్ప్‌లో. పాలకుర్తి మండలంలోని బమ్మెర పేరు పోతన ఇంటిపేరుగా నిలిచింది. పాలకురికి సోమనాథుడిదీ అలాంటి పేరే. మనకు ఇది అలవాటైన పద్ధతి కాబట్టి ఇంగ్లీషువాళ్ల పేర్లు మనకు అర్థం కావడం నిజానికి తేలిక.

మొదటి పని: అక్షరాలు

పేరును ఇంగ్లీషు అక్షరాల్లోనే కాగితం మీద రాసుకోండి. తెలుగులో రాసుకుంటే సగం ఆధారం అక్కడే పోతుంది. వారిక్, బెరిక్ అని పలికే పేర్ల మధ్యలో పలకని డబ్ల్యూ ఒకటి ఉంటుంది. అది కనిపిస్తేనే చివరిమాట ‘విక్’ అని తెలుస్తుంది. ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పాత కాగితంలో, అంటే బాప్టిజం సర్టిఫికెట్టో సమాధి రాయో సర్వీసు రికార్డో, ఎలా రాశారో చూడండి. ఒకే మనిషి పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంటే మూడూ రాసుకోండి, ‘సరిదిద్ది’ ఒకటి చేయొద్దు. 19వ శతాబ్దం దాకా స్పెల్లింగు గుమాస్తా చెవిని బట్టి నడిచేది.

కొన్నిసార్లు ఊరి పేరు మారిపోయి ఇంటిపేరులో పాత రూపం మిగిలిపోతుంది. బ్రిస్టో అనే ఇంటిపేరు బ్రిస్టల్ నగరానిదే. వంతెన దగ్గరి చోటు అని దాని అర్థం. నగరం పేరు చివర ‘ల్’ స్థానికుల పలుకుబడి వల్ల తర్వాత చేరింది, ఇంటిపేరుకు అది అంటలేదు. మహబూబాబాద్ బోర్డు మీద ఎలా ఉన్నా చుట్టుపక్కల జనం నోట మానుకోటగానే మిగిలినట్టు అనుకోండి.

తోకను పట్టుకోవడం

ఊరి మీద వచ్చిందో కాదో చాలావరకు చివరిమాటే చెబుతుంది. మన పల్లి, పేట, కుంట, పర్తి, కొండ లాంటివే అవి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ‘టన్’. దీన్ని టౌన్ అనుకుంటే తప్పు. పాత ఇంగ్లీషులో ‘తూన్’ అంటే మొదట కంచె వేసిన చోటు, తర్వాత కమతం, ఆ తర్వాత పల్లె. పట్టణమనే అర్థం ఎంతో తర్వాతది. న్యూటన్ అంటే కొత్తపల్లి. నార్టన్, సట్టన్, వెస్టన్ అంటే ఉత్తరాన, దక్షిణాన, పడమరన ఉన్న పల్లెలు. స్టాంటన్ రాళ్ల ఊరు, ఆపిల్టన్ ఆపిల్ తోట, థార్న్టన్ ముళ్లచెట్ల పల్లె. మిల్టన్ దగ్గర మాత్రం ఆగాలి. మిల్లు ఉన్న పల్లె అని అందరూ అనేస్తారు. చాలా మిల్టన్లు నిజానికి ‘మిడిల్ తూన్’, అంటే నడిమి పల్లెలు. కొన్ని మాత్రమే మిల్లువి. ఏది ఏదో ఆ ఊరి పాత రాతరూపమే తేలుస్తుంది.

‘లీ’ లేదా ‘లే’ అని ముగిసేవి అడవికి సంబంధించినవి. తాడ్వాయి, ఏటూరునాగారం దారిలో అడవి నరికి చేసిన చెలకను ఊహించుకోండి, అదే ‘లెయా’. మరీ పాత పేర్లలో అడవినే అలా అనేవాళ్లు. స్టాన్లీ రాళ్ల చెలక, బ్రాడ్లీ వెడల్పు చెలక, యాష్లీ యాష్ చెట్ల చెలక. చర్చి బోర్డుల మీద కనిపించే వెస్లీ పడమటి చెలక.

‘ఫర్డ్’ అంటే ఏరు దాటే రేవు. ఆక్స్‌ఫర్డ్ ఎడ్లు దాటే రేవు, స్టాన్‌ఫర్డ్ రాతి రేవు, బ్రాడ్‌ఫర్డ్ వెడల్పు రేవు. ‘వర్త్’ కంచె వేసిన కమతం, ‘బరి’, ‘బరో’ కోట, ‘డన్’ గుట్ట, ‘హర్స్ట్’ చెట్లున్న మిట్ట. ‘విక్’ ఒక పనికి కేటాయించిన కమతం, ఎక్కువగా పాడిది. ‘హామ్’తో చిక్కుంది: ఇల్లూవాకిలీ ఉన్న ఊరు అనే ఒక మాట, ఏటి వంపులోని పచ్చిక అనే ఇంకో మాట కలిసిపోయి ఒకే రూపంలో మిగిలాయి. రామ్స్‌బాటమ్, లాంగ్‌బాటమ్ లాంటి పేర్లు చూసి పిల్లలు నవ్వుతారు. అక్కడ ‘బాటమ్’ అంటే రెండు గుట్టల నడుమ పల్లం.

తోక దిక్కు కూడా చూపిస్తుంది, ఇది చాలామంది వాడుకోని ఆధారం. ‘బీ’ అని ముగిస్తే అది స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల మాట. యార్క్‌షైర్, లింకన్‌షైర్, లెస్టర్‌షైర్ వైపు వెతకాలి. కిర్బీ అంటే చర్చి ఉన్న ఊరు. ‘థ్వెయిట్’ ఉంటే వాయవ్యాన కంబ్రియా, ‘కూమ్’ ఉంటే నైరుతి. ముందుభాగం ట్రె, పోల్, పెన్ అయితే కార్న్‌వాల్. అది ఇంగ్లీషే కాదు, కార్నిష్ భాష. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్ ఇంటిపేరు ఆ కోవదే. ‘ట్రె’ అంటే కమతం.

తోక మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి. ఫోలీ, క్విగ్లీ చివర ‘లీ’ ఉంది గాని అవి ఐర్లండ్ వంశనామాలు, చెలకా లేదు అడవీ లేదు. హైదరాబాద్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ ఇంటిపేరు ఊరిదే, పాట్రిక్ సాధువు చర్చి అని అర్థం, కానీ ఆ ఊరిని స్కాట్లండ్‌లో వెతకాలి. కర్జన్, నెవిల్ పేర్లకు మూలమైన ఊళ్లు ఫ్రాన్సులోని నార్మండీలో ఉన్నాయి. నెవిల్ అంటే ఏమిటో తెలుసా? కొత్త ఊరు. న్యూటన్‌కూ నెవిల్‌కూ అర్థం ఒకటే, సముద్రానికి చెరో ఒడ్డు. రిపన్, డల్హౌసీ లాంటివి అసలు ఇంటిపేర్లే కావు, బిరుదులు. లార్డ్ రిపన్ ఇంటిపేరు రాబిన్సన్. చరిత్ర పాఠాల్లోని ప్రభువుల పేర్లతో సాధన మొదలుపెట్టేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఊరు లేని ఊరిపేర్లు

హిల్, వుడ్, ఫర్డ్, అట్వుడ్, అండర్‌వుడ్, బైవాటర్ లాంటివి ఊరి పేర్లు కావు. గుట్ట పక్కన, అడవి దగ్గర, నీళ్ల ఒడ్డున ఇల్లున్నవాళ్లకు ఊళ్లోనే పడిన గుర్తులు. చింతచెట్టు కాడోళ్లు అంటామే, అలా. వీటికి మూలగ్రామం వెతకడం వృథా. ఒకే పేరు వంద ఊళ్లలో విడివిడిగా పుట్టి ఉంటుంది. న్యాష్ మాత్రం ముచ్చటైన పేరు. యాష్ చెట్టు దగ్గర అనడానికి ‘అట్టెన్ యాష్’ అనేవాళ్లు. మాట విరిగే చోటు జారి, ముందుమాట చివరి ‘న్’ చెట్టుకు అతుక్కుపోయింది. న్యాష్ అనే చెట్టు ఎక్కడా ఉండదు.

ఊరిని ఖాయం చేయడం

ఆ పేరుతో ఇంగ్లండ్‌లో ఎన్ని ఊళ్లున్నాయో లెక్క తీయండి. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టిన ఊరిపేర్ల సూచికలో పేరు కొడితే జిల్లాలవారీగా ఊళ్లు, వాటి అర్థాలు వస్తాయి. ఒక్కటే ఊరుంటే అదృష్టం. కాటన్, న్యూటన్, నార్టన్ లాంటివైతే ఎన్నో తేలతాయి, అప్పుడు పేరొక్కదానితో ఊరు తేలదు, కుటుంబ కాగితాలు కావాల్సిందే. ఇలాంటి పేరుకు ‘ఇదే మీ ఊరు’ అని వెంటనే చెప్పే వెబ్‌సైటును నమ్మొద్దు. ఇంటిపేరు మీద వంశచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ముద్రించిన కప్పులు అమ్మేవాళ్లను అసలే నమ్మొద్దు. ఇంగ్లండ్‌లో ఆ చిహ్నం ఒక మనిషికీ అతని వారసులకూ ఇచ్చేది, ఇంటిపేరు ఉన్న ప్రతివాడికీ కాదు.

తర్వాత జనం ఎక్కడ గుమిగూడారో చూడాలి. 1881 జనగణన దీనికి బాగా పనికొస్తుంది, దాని సూచిక ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా ఉంది. ఖాతా తెరిస్తే చాలు. అరుదైన ఊరి ఇంటిపేరు అయిదారు వందల ఏళ్లు గడిచినా మూలగ్రామం చుట్టుపక్కల జిల్లాల్లోనే దట్టంగా కనిపించడం మామూలే. లండన్, మాంచెస్టర్, లివర్‌పూల్ అంకెలు పక్కన పెట్టండి. పని కోసం అన్ని దిక్కుల నుంచీ జనం అక్కడికి చేరారు.

పటంలో ఊరే కనిపించకపోతే? 14వ శతాబ్దపు ప్లేగు తర్వాత, గొర్రెల మేతకోసం పొలాలు కలిపేశాక, ఇంగ్లండ్‌లో వేలాది పల్లెలు పాడుపడ్డాయి. యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీ అలాంటిదే, వారమ్ అనే ఇంటిపేరు మిగిలింది. మిడ్ మానేరు ముంపులో పోయిన ఊళ్ల పేర్లు మనుషుల నోట మిగిలినట్టే. ఇలాంటప్పుడు నేటి పటం వదిలి 19వ శతాబ్దపు సర్వే పటాల్లో పొలాల పేర్లు, దొడ్ల పేర్లు వెతకాలి.

పాత రాతరూపం

ఇది అసలు పరీక్ష. 1086 నాటి డూమ్స్‌డే బుక్ అనే భూముల లెక్కలో 13,000కు పైగా ఊళ్లున్నాయి. నాటింగ్‌హామ్ అందులో ‘స్నోటింగెహామ్’. స్నాట్ అనే ఆయన మనుషుల ఊరన్నమాట. మొదటి ‘స్’ నార్మన్ల నోట పడి రాలిపోయింది. నేటి రూపం మీద ఎంత తల బద్దలు కొట్టుకున్నా ఆ స్నాట్ దొరకడు. చర్చిల్ ఇంకో పాఠం. చర్చి, గుట్ట కలిసిందని చూడగానే అనిపిస్తుంది. అయితే ఆ పేరున్న ఊళ్లు కొన్నింట్లో మొదటి మాట బ్రిటన్ పాత కెల్టిక్ భాషలోని ‘క్రుగ్’ అని, దాని అర్థం కూడా గుట్టే అని ఊరిపేర్ల పరిశోధకులు చూపారు. పరాయి మాట అర్థంకాక జనం దాన్ని చర్చిగా మార్చుకున్నారు. అనుమకొండలోకి హనుమంతుడు వచ్చినట్టే.

డూమ్స్‌డేలో ఊరు లేకపోతే ఊరే లేదని రాసేయొద్దు. డరమ్, నార్తంబర్లండ్ ప్రాంతాలు ఆ లెక్కలో చేరలేదు, లండన్ నగరం కూడా లేదు. వాషింగ్టన్ విషయంలో చిక్కు ఇక్కడే వస్తుంది. ఆ పేరుతో ఊళ్లు రెండు, ఒకటి దక్షిణాన ససెక్స్‌లో, ఇంకొకటి ఉత్తరాన డరమ్ వైపు. డూమ్స్‌డే ఒక్కటే తిరగేస్తే ససెక్స్ ఊరే దొరుకుతుంది, జార్జి వాషింగ్టన్‌ను తెచ్చి అక్కడ కట్టేస్తాం. డరమ్ బిషప్ 1183లో చేయించిన బోల్డన్ బుక్ అనే లెక్క చూస్తే రెండో ఊరు కనిపిస్తుంది. 12వ శతాబ్దం చివర విలియం డి హర్ట్‌బర్న్ అనే ఆయన తన భూమి ఇచ్చి బదులుగా ఈ ఊరు తీసుకుని విలియం డి వెసింగ్టన్ అయ్యాడు. భూమితోపాటు ఇంటిపేరూ మారింది. అమెరికా అధ్యక్షుడి వంశం ఇదే. పేరు మధ్యలోని ‘ఇంగ్’ ఒక మనిషికి చెందినదనే సూచన. హ్వాసా అనే ఆయన కమతమని అర్థం. చెన్నారావుపేటలో చెన్నారావు ఉన్నట్టు ఇక్కడ హ్వాసా ఉన్నాడు. బట్టలు ఉతకడం మాత్రం ఎక్కడా లేదు. ‘డి’ ఉంది కాబట్టి జమీందారనీ అనుకోవద్దు. లాటిన్‌లో రాసే గుమాస్తా ఫలానా ఊరివాడు అనడానికి ఎవరికైనా దాన్ని వాడేవాడు.

ఇంకొక జాగ్రత్త. 1865లో బానిసత్వం పోయాక అమెరికాలో ఎందరో నల్లజాతివాళ్లు వాషింగ్టన్ ఇంటిపేరు పెట్టుకున్నారు. పేరు ఆ ఊరిదే, రక్తసంబంధం ఆ ఊరితో కాదు. పేరు అర్థం, కుటుంబం మూలం వేర్వేరు కాలమ్‌లలో రాయాలి.

కాగితాల వెంట వెనక్కి

ఇంగ్లండ్‌లో పుట్టుక, పెళ్లి, చావుల ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది. జనగణనలో 1841ది పుట్టిన ఊరు చెప్పదు, అదే జిల్లానా కాదా అని మాత్రమే చెబుతుంది. 1851 నుంచి ఊరి పేరు ఉంటుంది కాబట్టి ముందు దాన్నే పట్టుకోండి. 1837కు ముందు చర్చి రిజిస్టర్లే ఆధారం. అవి 1538లో మొదలయ్యాయి, 1642 తర్వాతి అంతర్యుద్ధ కాలంలో చాలాచోట్ల ఖాళీలుంటాయి. తేదీలు చదివేటప్పుడు ఇంకో చిక్కు: 1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1699 ఫిబ్రవరి అని రిజిస్టర్‌లో ఉంటే మన లెక్కలో అది 1700. ఇది గమనించక తల్లి పెళ్లికి ముందే బిడ్డ పుట్టిందని రాసినవాళ్లున్నారు.

కాజీపేట రైల్వే కాలనీ ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పేర్లు వెతికేవాళ్లు ఇంగ్లండ్ నుంచి మొదలుపెట్టకూడదు, ఇక్కడి చర్చి రిజిస్టర్ నుంచి మొదలుపెట్టాలి. సికింద్రాబాద్ కంటోన్మెంటు చర్చిల బాప్టిజం, పెళ్లి, సమాధి వివరాల నకళ్లు మద్రాసు మీదుగా లండన్ వెళ్లాయి. బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ‘ఎన్/2’ వరుస అదే. బాప్టిజం పంక్తిలో తండ్రి వృత్తి ఉంటుంది. సైనికుడని ఉండి, పింఛను మీద దిగిపోయినవాడైతే లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని ‘డబ్ల్యూఓ 97’ వరుసలో అతని డిశ్చార్జి కాగితం అడగండి. పుట్టిన పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊరు) పేరు సాధారణంగా అందులోనే ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ సొంత సైన్యంలో చేసినవాళ్లు ఈ వరుసలో దొరకరు, వాళ్ల కోసం మళ్లీ ఇండియా ఆఫీస్ రికార్డులకే రావాలి.